ముందు ఆమెకే చెప్పాలని దాచుకున్న కథ: ఒక కేస్ స్టడీ

నేను గోదావరి జిల్లాల్లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ప్రేమ పోయిందని మా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళ లోపు పిల్లలే. యాభై దాటిన మనిషి, అదీ బాగా డబ్బున్న మనిషి, చిన్నప్పటి అమ్మాయి మీద బెంగతో రావడం అరుదు. ఈ కేసులో ఆయన బెంగ ఒకవైపు, ఆయన గుట్టు మరోవైపు కనిపించాయి. ఆ గుట్టే బెంగకు తిండి పెడుతోందని అర్థమయ్యాకే చికిత్స దారిలో పడింది. తోటి కౌన్సెలర్లకు పనికొస్తుందని అందుకే వివరంగా రాస్తున్నాను.

రాసే ముందు ఆయన అనుమతి తీసుకున్నాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం గోప్యత రోగి హక్కు. ఈ ప్రతిని ఆయన చదివి కొన్ని వాక్యాలు కొట్టేశారు, అవి ఇక్కడ లేవు. ఊర్లు చెప్పడం లేదు, వ్యాపారం వివరాలు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. 1990 అన్న సంవత్సరాన్ని, కువైట్ అన్న పేరును మాత్రం మార్చలేదు. వాటిని మారిస్తే కథే అర్థం కాదు. ఆ ఏడు కువైట్ నుంచి తిరిగొచ్చిన లక్షా డెబ్బై వేలమంది భారతీయుల్లో ఒకరు అన్నంత మాత్రాన ఆయన ఎవరో ఎవరికీ తెలియదు.

నేపథ్యం

ఆయన మా టౌనుకు వచ్చి కొన్నేళ్ళే అయింది. కాలవ గట్టున పెద్ద ఇల్లు కట్టించారు. పెళ్ళి కాలేదు, చుట్టాలు రారు. డబ్బు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు: బంగారం వ్యాపారమని కొందరు, ఎవరో పెద్దవాళ్ళ బినామీ అని కొందరు. ఆయన వాటిని ఖండించలేదు.

తనకు ఏ సంబంధమూ లేని ఒక ఊళ్ళో, ఇరవై మైళ్ళ అవతల, ప్రతి ఏడూ అమ్మవారి జాతర ఖర్చంతా ఆయన పెట్టుకునేవారు. కంటి వైద్య శిబిరం, స్కూల్లో పిల్లలకు స్కాలర్‌షిప్పులు కూడా ఇచ్చేవారు. పేరు మాత్రం ఎక్కడా వేయనిచ్చేవారు కాదు. ఆయన బెంగపడుతున్న ఆ చిన్నప్పటి అమ్మాయి మెట్టినూరు అది. పేరు లేని దాత ఎవరా అని ఊరంతా మాట్లాడుకోవాలి, ఆ మాట ఆమె చెవిన పడాలి, ఏదో ఒకరోజు ఆమెకే తట్టాలి. ఆయన ఆశ అది.

వచ్చిన సమస్య

ఆయన్ని నా దగ్గరకు పంపింది ఒక గుండె డాక్టరు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి అని మూడుసార్లు ఎమర్జెన్సీకి వెళ్ళారు. ఈసీజీ, ఎకో, చివరకు యాంజియోగ్రామ్ కూడా చేశారు. అన్నీ నార్మల్. నిద్ర లేదు, తిండి తగ్గింది. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 17 వచ్చింది, అంటే ఒక మోస్తరు కంటే ఎక్కువ స్థాయి డిప్రెషన్.

మొదటి రోజు ఆయన ప్రేమ గురించి ఏమీ చెప్పలేదు. ‘టెన్షన్ అండి, వ్యాపారం టెన్షన్’ అన్నారు. వ్యాపారం అమ్మేసి చాలాకాలమైందని డ్రైవరు అప్పటికే రిసెప్షన్‌లో చెప్పాడు. నేను దాన్ని ఎత్తలేదు. గుట్టుగా బతికిన మనిషి మొదటి అబద్ధాన్ని పట్టుకుంటే రెండోసారి రాడు.

తర్వాత కొద్దికొద్దిగా బయటపడింది. ఆయన ఇంటర్ తర్వాత చదువు ఆపి, కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటపనికి వెళ్ళారు. ఆయన మనసుపడింది పక్కింటి అమ్మాయి మీద. ఆయన తల్లిని ఆమె ‘అత్తయ్యా’ అని పిలిచే చనువు. రెండేళ్ళలో వచ్చి అడుగుతానని ఆమెకు చెప్పి వెళ్ళారు. తాటాకింటికి పిల్లను ఇచ్చేది లేదని ఆమె తండ్రి అంతకుముందే ఒకసారి అనేశాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరి, ఎడారి గుడారాల్లో ఉండి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చారు. దాచుకున్న దీనార్లు అక్కడే పోయాయి. ఇంటికి చేరేసరికి ఆమె పెళ్ళి అయిపోయింది. శ్రావణమాసంలో చేశారట. ఆయన బతికున్నాడో లేదో తెలియని నెల అది.

ముందుగా తేల్చుకోవాల్సినవి

దీన్ని ఏమనాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో ‘దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత’ అనే నిర్ధారణ ఉంది. 2022 నుంచి అమల్లో ఉన్నది. లక్షణాలన్నీ దానిలాగే ఉన్నాయి, కానీ ఆ నిర్ధారణకు మరణం జరిగి ఉండాలి. ఇక్కడ ఆ మనిషి బతికే ఉంది, ఇరవై మైళ్ళ దూరంలో. పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో పనిచేసి ‘అస్పష్టమైన నష్టం’ అన్న భావనను తెచ్చారు. పోయారని ఏడవడానికీ లేదు, ఉన్నారని ఊరుకోవడానికీ లేదు. నాకు అదే దగ్గరగా అనిపించింది.

ఎరోటోమేనియా కాదని తేల్చుకోవడం అంతకన్నా ముఖ్యం. ఆమె తనను ఇప్పటికీ ప్రేమిస్తోందని, రహస్యంగా సైగలు పంపుతోందని ఆయన నమ్మి ఉంటే అది భ్రాంతి. అప్పుడు సైకియాట్రిస్టు చేతిలో పెట్టాల్సిన కేసు. నేరుగా అడిగాను. ‘ఆమెకు నేను గుర్తున్నానో లేదో కూడా తెలియదు మేడమ్’ అన్నారు. ఆ మాటతో నాకు కొంత ధైర్యం వచ్చింది.

ఇంకో విషయం కంగారు పెట్టింది. ఆయన వీలునామా రాయించారు. ఆస్తిలో ఎక్కువ భాగం ఆమె పిల్లల పేరున. వీలునామా రాసుకోవడం, పనులన్నీ చక్కబెట్టుకోవడం ఆత్మహత్య ఆలోచనకు గుర్తు కావచ్చు, కాబట్టి డొంకతిరుగుడు లేకుండా అడిగాను. చచ్చిపోవాలని లేదు గానీ, ‘నేను లేకపోయినా ఎవరికీ తేడా తెలీదు’ అన్నారు. మెడికల్ షాపులో కొనుక్కున్న ఆల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే, మత్తునిచ్చే మాత్ర) అట్టలు ఇంట్లో చాలా ఉన్నాయి. ఆయన ఒప్పుకోలుతోనే అవి డ్రైవరు చేతికి మారాయి. ఆయన ప్రాణానికి గానీ ఆమెకు గానీ ప్రమాదం ఉందనిపిస్తే గోప్యతకు హద్దు ఉంటుందని ఆరోజే చెప్పాను.

చేసి చూసినవి

మా సైకియాట్రిస్టు ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. రెండు నెలల్లో నిద్ర కుదిరింది, ఛాతీనొప్పులు తగ్గాయి, స్కోరు 10కి వచ్చింది. బెంగ అంగుళం కదల్లేదు. ఇందులో ఆశ్చర్యం లేదు. కేథరిన్ షియర్ బృందం 2016లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, దుఃఖానికి ప్రత్యేకంగా రూపొందించిన చికిత్సకు సిటలోప్రామ్ అనే అదే కోవ మందు కలిపితే డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి గానీ దుఃఖం విషయంలో అదనపు లాభం పెద్దగా రాలేదు. ఆ పరిశోధన మరణదుఃఖం మీద జరిగింది. అయినా మాకు ఒక దారి చూపింది: మందు కొనసాగించాలి, దాని నుంచి ఎక్కువ ఆశించకూడదు.

తర్వాత ఆలోచనల మీద పనిచేశాం. ఆమెను ఆయన మనసులో ఇరవై ఏళ్ళ అమ్మాయిగానే ఉంచుకున్నారు. లోపం లేని మనిషిగా చూస్తున్నారు కదా, ఆమె గురించి సమతూకంగా ఆలోచించడం నేర్పిద్దామన్నది పద్ధతి. ఇది అసలు పనిచేయలేదు. నేనొక ప్రశ్న వేస్తే ఆయన ఆమె తరఫు ప్లీడరు అయిపోయేవారు. ప్రతి వాదనతో ఆయన మనసులో ఆమె బొమ్మ ఇంకా గట్టిపడింది. మూడు దశాబ్దాలు ఒక్కడే కాపాడుకున్నదాన్ని ఎవరో గుంజుకుంటున్నారని ఆయనకు అనిపించడం సహజం. కొన్ని వారాలు రావడం మానేశారు.

మళ్ళీ వచ్చాక, పంపని ఉత్తరం రాయించాం. చాలామందికి ఇది బాగా పనిచేస్తుంది. చెప్పలేకపోయినవి కాగితం మీద పెడితే లోపలి బరువు తగ్గుతుంది. ఈయన విషయంలో తిరగబడింది. ప్రతి వారం ఉత్తరం ఇంకా అందంగా తయారై వచ్చేది. కొట్టివేతలు లేని ఫెయిర్ కాపీ. ఆయన దాన్ని వీడ్కోలుగా రాయడం లేదు, కలిసినప్పుడు చెప్పబోయే మాటలను సానబెట్టుకుంటున్నారు. అది చూసిన రోజే ఆపేశాం.

కలిపించమని అడిగినప్పుడు

ఈలోగా ఆయన అసలు కోరిక బయటపెట్టారు. ‘మీరు ఆడమనిషి, డాక్టరు గారు. మీరు ఫోన్ చేస్తే వాళ్ళింట్లో తప్పుగా అనుకోరు. ఒక్కసారి, ఒక్క అరగంట.’ ఒక ప్రైవేటు డిటెక్టివ్‌తో ఆమె ఫోన్ నంబరు, దూరం నుంచి తీసిన ఫొటోలు తెప్పించుకున్నారని కూడా అప్పుడే తెలిసింది.

కేసు చర్చలో ఒక సీనియర్, చూస్తే మోజు తీరిపోతుంది, ఒకసారి కలవనివ్వవచ్చు కదా అన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. నేను ఒప్పుకోకపోవడానికి కారణాలున్నాయి. ఆమె నా క్లయింటు కాదు. ఆమె జీవితాన్ని ఈయన మందుగా వాడే హక్కు నాకు లేదు. ఆమె వద్దంటే ఈయనకు రెండో దెబ్బ, సరేనంటే ఆమె ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సింది ఆమె. పైగా అరగంటతో ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. డిటెక్టివ్ పని వెంటనే ఆపించాలని, స్త్రీ వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని, ఈ దారి అటే పోతుందని స్పష్టంగా చెప్పాను.

చట్టం మాట ఆయనకు పెద్దగా ఎక్కలేదు. ఎక్కింది వేరే ప్రశ్న. ‘మీ తర్వాత ఆ వీలునామా కాగితం వాళ్ళింటికి చేరిన రోజు, మీ గురించి ఆమె భర్త ఆమెను ఏమని అడుగుతాడు?’ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె అప్పుడేం చెప్పుకుంటుందో ఆయన ఊహించుకోవాల్సి వచ్చింది. పెళ్ళికెదిగిన పిల్లలు, అత్తవారు, చుట్టుపక్కల జనం ఉన్న ఇంట్లో మనిషిగా ఆమెను ఆయన తలచుకోవడం నేను మొదటిసారి చూశాను. సమతూకంగా ఆలోచించండి అని నేను ఎన్ని వారాలు చెప్పినా రాని మార్పు, ఆమె క్షేమం గురించి అడిగితే వచ్చింది. ప్రేమను తప్పుపట్టకుండా, ఆ ప్రేమనే జవాబు చెప్పమన్నట్టయింది. లాయరును కలిసి వీలునామా రద్దు చేయించుకున్నారు. ఫొటోల కవరు నా ఎదురుగానే చింపేశారు.

క్యాసెట్టు

ఆయన ఇంట్లో తాళం వేసి ఉంచే గది ఒకటి ఉంది. అందులో ఏముందో అని ఊళ్ళో కథలు. ఉన్నది ఒక పాత టేప్‌రికార్డరు, ఒక క్యాసెట్టు. ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇంటి నుంచి మాటలు రికార్డు చేసి, సెలవు మీద వచ్చి వెళ్ళే ఊరివాళ్ళ చేత పంపేవారు. ఇది 1990 ఎండాకాలంలో అలా చేరింది. ఎడారి దాటి అమ్మాన్ వరకు చొక్కా జేబులో తెచ్చుకున్నారు.

సెషన్‌కు తెమ్మన్నాను. అరవై నిమిషాల క్యాసెట్టు. లేబుల్ మీద బాల్‌పెన్నుతో ‘అన్నయ్యకి’ అని గుండ్రటి అక్షరాలు, ‘కి’ మీద ఇంకు పాకిపోయింది. ఆయన పళ్ళచక్రంలో పెన్సిల్ పెట్టి నెమ్మదిగా తిప్పి టేపు బిగించారు, రికార్డరులో పెట్టి, కళ్ళు మూసుకుని ఫార్వర్డ్ నొక్కారు. కౌంటరు చూడకుండానే సరిగ్గా ఆమె గొంతు దగ్గర ఆపారు. రెండు నిమిషాలు కూడా లేదు. ‘బాగున్నావా? అత్తయ్యకి కళ్ళజోడు మార్చారు. మీ గేదె ఈనింది, పెయ్య. వానలు ఇంకా పడలేదు.’ తర్వాత చిన్న ఆగుడు, ఎవరో నవ్వడం, అంతే. ఆ ఆగుడులో ఏముందో ఆయన ముప్ఫై ఏళ్ళుగా వింటున్నారు.

నేను గమనించింది ధ్వని. ఆమె మాటలున్న చోట టేపు అరిగిపోయి, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది. దాటిపోయాక, ఆయన స్టాప్ నొక్కబోతుంటే వద్దని ఆపాను. ఆ వెంటనే వచ్చిన గొంతు నిన్న రికార్డు చేసినంత స్పష్టంగా ఉంది. ‘అన్నయ్యా, నాకు వాచీ తెస్తానన్నావు, మర్చిపోకు. నల్ల పట్టీది.’ ఆయన చెల్లెలు, అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్ల. దాని వెనక వాళ్ళమ్మ, అన్నం వేళకు తింటున్నావా నాయనా అని. మిగతా యాభై ఎనిమిది నిమిషాలూ ఆయన ఇన్నేళ్ళలో దాదాపుగా విననే లేదు.

ఆ చెల్లెలితో ఆయనకు మాటల్లేవు. పక్కింటి అమ్మాయి పెళ్ళి సంగతి నాకెందుకు ముందే చెప్పలేదని అప్పట్లో చెల్లెలి మీద విరుచుకుపడ్డారు, చిన్నపిల్ల ఏం చేయగలదని కూడా చూడలేదు. తర్వాత చెల్లెలి పెళ్ళికి డబ్బు పంపారు, మనిషి వెళ్ళలేదు. తల్లి పోయినప్పుడు ఆయన మళ్ళీ విదేశంలోనే ఉన్నారు.

చికిత్సను మార్చిన మాట

ఇక్కడే ఆ మాట వచ్చింది. కాసేపు తేలికపడతారని, వ్యాపారం ఎలా మొదలైందో చెప్పమన్నాను. ‘అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు మేడమ్. ముందు ఆమెకే చెప్పాలి’ అన్నారు.

ఈ వాక్యం మీద చాలా ఆలోచించాను. ఊళ్ళో బంగారమని, బినామీ అని అనుకుంటున్న ఆ డబ్బు, విదేశాల్లో కట్టడపు పనుల క్యాంపులకు భోజనం సరఫరా చేసి సంపాదించింది. దాచాల్సినది ఏమీ లేదు, గర్వంగా చెప్పుకోదగ్గది. అయినా తన కష్టం, భయం, గెలుపు అన్నీ ఒకే శ్రోత కోసం మూటగట్టి ఉంచారు. ఎవరికీ చెప్పరు కాబట్టి ఎవరూ ఆయన్ని ఎరగరు. ఎవరూ ఎరగరు కాబట్టి, డబ్బు రాకముందు తనను ఎరిగిన ఆ ఒక్క మనిషి విలువ ఏటేటా పెరుగుతూ పోయింది. ఆమెను మరిచిపోమనడం ఈ స్థితిలో అర్థం లేని సలహా. ఆమె ఒక్కతే ఆయనకు సాక్షి. సాక్షుల సంఖ్య పెరగాలి.

కాబట్టి ప్రేమ జోలికి పోవడం మానేశాం. కథ చెప్పించడం మీద పడ్డాం. అంతా ఒకేసారి అడిగితే ఆయనకు ద్రోహంలా అనిపిస్తుంది, ముడుపు కట్టి ఉంచింది వేరేవాళ్ళకు విప్పినట్టు. అందుకని ఒక ముక్క అడిగాను: ఎడారి గుడారాల్లో గడిపిన రోజులు మాత్రమే. అందులో ఆమె లేదు. ఆయన చెప్పారు. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పటి తొక్కిసలాట, పక్క గుడారంలో మలయాళీ కుర్రాడికి జ్వరం, రొట్టె సగం చేసుకోవడం. ఆ తర్వాత సెషన్‌కు రాలేదు. తప్పు చేసినట్టుందని ఫోన్ చేశారు. ఇది ముందే ఊహించాం. అలా అనిపించడం మామూలేనని, ఆగాల్సిన పని లేదని చెప్పాను.

తర్వాతి శ్రోతగా ఆయనే డ్రైవర్ని ఎంచుకున్నారు. ఏళ్ళ తరబడి కారులో పక్కపక్కన తిరిగినా ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు అడగలేదు. ఇంటికి వెళ్ళే దారిలో ఆయన కువైట్ మాట ఎత్తితే, ‘నేను మస్కట్‌లో ఆరేళ్ళు చేశానండి’ అన్నాడట అతను. ఆ రాత్రి ఇద్దరూ అరుగు మీద కూర్చుని భోంచేశారు. కారులో కాకుండా వాళ్ళిద్దరూ ఒకచోట కూర్చోవడం అదే మొదలు.

చెల్లెలికి ఫోన్ చేయడం అన్నిటికన్నా కష్టమైంది. ఏం మాట్లాడాలో రాసుకుని వస్తే, రాసుకున్నది పక్కన పెట్టమన్నాను. ఉత్తరాల అనుభవం గుర్తుంది. క్యాసెట్టు సంగతి ఒక్కటే చెప్పమన్నాను. ఆమె మొదట కోపంగానే మాట్లాడింది. ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అంది. ఆ కోపాన్ని ఆయన విని ఊరుకోగలిగారు. క్యాసెట్టులో తన గొంతు ఉందని తెలిశాక, వినిపించమని అడిగింది.

మధ్యలో ఒక చిన్న నిర్ణయం ఉంది. క్యాసెట్టును డిజిటల్ కాపీ చేయించుకుంటానన్నారు. ఫోన్లో ఉంటే ఆమె మాటలు రోజుకు వందసార్లు వింటారేమోనని నాకు భయం. వద్దంటే, టేపు తెగిపోతుందన్న ఆందోళన ఇంకో రూపంలో వస్తుంది. ముక్కలు చేయకుండా రెండు వైపులూ పూర్తిగా కాపీ చేయించి, దాన్ని చెల్లెలి దగ్గర ఉంచాలని ఒప్పుకున్నాం. ఒరిజినల్‌ను వారానికి ఒకసారి, మొదటి నుంచి చివరి వరకు వినాలి, ఫార్వర్డ్ చేయకూడదు. మొదట్లో ఇది ఆయనకు శిక్షలా అనిపించింది. కొన్ని నెలలకు, ఆమె గొంతు కంటే వాళ్ళమ్మ మాటల దగ్గరే మనసు ఆగిపోతోందని చెప్పారు.

ఈ కేసు నుంచి తోటివాళ్ళకు

ఇలాంటి బెంగతో వచ్చిన మనిషితో ఆ ప్రేమ నిజమా, భ్రమా అన్న వాదనలోకి దిగవద్దు. ఎంత బాగా వాదించినా ఆ మనిషి ఓడడు. దానికి బదులు, తన జీవితంలో ఎవరికీ చెప్పకుండా దాచుకున్న భాగం ఏమిటో, దాన్ని ఎవరి కోసం దాచారో అడగండి. ఉన్నట్టుండి బాగుపడిన వలసకార్మికుల్లో ఈ గుట్టు నేను ఇంకా చాలాచోట్ల చూశాను. ఎదిగిన కొద్దీ పాతవాళ్ళతో పోలిక పోయి, కొత్తవాళ్ళకు గతం చెప్పుకోలేక ఒంటరి అవుతారు.

అయితే భ్రాంతి ఉన్నవారికి, ఎదుటి మనిషిని వెంటాడటం ఆపనివారికి ఈ పద్ధతి సరిపోదు. వాళ్ళకు ముందు సైకియాట్రిక్ చికిత్స కావాలి, అవతలి వ్యక్తి భద్రత చూడాలి. ఇక్కడ డిటెక్టివ్ పని ఆగకపోయి ఉంటే నేను ఈ దారిలో ముందుకు వెళ్ళేదాన్ని కాదు.

ప్రస్తుత స్థితి

పీహెచ్‌క్యూ-9 స్కోరు 5 దగ్గర నిలబడింది. మందు సైకియాట్రిస్టు పర్యవేక్షణలో తగ్గిస్తున్నారు. ఆ ఊరి జాతర ఖర్చు పెట్టడం మానేశారు. స్కాలర్‌షిప్పుల విషయంలో తర్జనభర్జన పడ్డాం. ఆపేస్తే పిల్లలు నష్టపోతారు, పేరు పెట్టి ఇస్తే అది ఆమెకు పంపిన కబురవుతుంది, పేరు లేకుండా ఇస్తే పాత ఆటే. ఇప్పుడు చదువుతున్న పిల్లల కోర్సులు పూర్తయ్యేదాకా అవి నడుస్తాయి. కొత్తవి జిల్లా అంతటికీ, ఏ ఊరినీ ఎంచకుండా, ఆయన పేరు మీదే ఇస్తున్నారు.

బెంగ పూర్తిగా పోలేదు. పోతుందని నేను ఆయనకు చెప్పలేదు కూడా. శ్రావణమాసం వస్తే నిద్ర చెడుతోంది, అందుకని ఆ నెల మొదట్లో ఒక సెషన్, చివర్లో ఒక సెషన్ పెట్టుకున్నాం. ఈసారి మొదటి సెషన్‌కు చెల్లెలిని కూడా తీసుకొస్తానని ఆయనే అడిగారు.